అంబులెన్సు వచ్చులోపల



మనుష్యుడు వీధిలో కుప్పగూలినది మొదలు వైద్యశాల చేరువఱకు జరుగు చికిత్సలో నేభాగము ప్రాణమును నిలుపుచున్నది? ఇదియే నేడు మేము మీ యెదుట నుంచదలచిన ప్రశ్న. బండి వచ్చినది, సూదులు వేసిరి, చేయవలసినదంతయు జేసిరని బంధువులు తృప్తి నొందుట వేఱు. రోగి తన కాళ్లతో నింటికి మరలుట వేఱు. మేము న్యాయవాదుల మగుటచే సాక్ష్య మెక్కడ నని యడుగుట మాకు వాడుక.

కెనడా దేశమునందలి అంటారియో రాష్ట్రమున నట్టి సాక్ష్యమును గూర్చిరి. అచ్చట 17 నగరములలో, గుండె యాగినవారికి విద్యుద్ఘాతమిచ్చు యంత్రములు త్వరితముగ నందునట్లు ముందుగా నేర్పాటు చేసిరి. పిమ్మట నదే నగరములలో అంబులెన్సు సిబ్బందికి అధికశిక్షణ మిచ్చి, శ్వాసనాళమున గొట్టమమర్చుట, రక్తనాళములలోనికి మందు లెక్కించుట మొదలగు పెద్ద చికిత్సలను జేర్చిరి. 5,638 మంది రోగుల లెక్క తీసి 2004లో ఫలితములను ప్రకటించిరి. ఆసుపత్రిలో చేర్చుకొనబడినవారు నూటికి 10.9 నుండి 14.6కు బెరిగిరి. ఇంతవఱకు విన్నవా రెవ్వరైనను చప్పట్లు కొట్టుదురు. కాని బ్రదికి యింటికి బోయినవారెందఱు? పెద్ద చికిత్సలకు ముందు నూటికి 5.0, తరువాత 5.1. అంతే!

మఱి బ్రదికినవారిని బ్రదికించినదేది? పడిపోవునప్పుడు ప్రక్కన నొకరుండి చూచుట, చూచినవారు తత్క్షణమే ఛాతీని నదుముట, విద్యుద్ఘాతము త్వరగా నందుట. ప్రక్కవారు ఛాతీ నదిమినచోట బ్రదుకు నవకాశము మూడురెట్లకు మించి యుండెను. గుండె యాగిన కొలది నిమిషములకే మెదడు చెడ నారంభించును. ఛాతీని నదుముటచే గొంత రక్తమైనను దానికి బాఱుచుండును.

ఇంతమాత్రమున పెద్ద చికిత్స వ్యర్థమని తీర్పు చెప్పుట తొందరపాటగును. ఆ రాష్ట్రముననే ఊపిరాడక బాధపడువారి విషయమున మరణములు నూటికి 14.3 నుండి 12.4కు దగ్గినట్లు 2007లో దేలినది. అది చిన్న మేలు గాదు. ఇక గాయపడినవారి సంగతి మఱియొక విధము. అమెరికాలోని హ్యూస్టను నగరమున, మొండెమున కత్తిపోటో తుపాకిగుండో తగిలి రక్తపుపోటు పడిపోయిన 598 మందిని బరీక్షించి 1994లో ఫలితములు వెల్లడించిరి. దారిలోనే సెలైను వంటి ద్రవ మెక్కింపబడినవారిలో నూటికి 62 మంది బ్రదికిరి; శస్త్రచికిత్స గదికి జేరువఱకు దాని నాపి యుంచిన వారిలో 70 మంది! రక్తస్రావ మాగకముందే పోటు పెంచినచో గట్టిపడుచున్న నెత్తురుగడ్డ చెదరి మరల రక్తము స్రవించునని దానికి గారణము చెప్పిరి. మేలు చేయుచున్నామనుకొనుచు గీడు చేయుట యన నిదియే.

డెన్మార్కు ప్రభుత్వము 2005 నుండి బడిపిల్లలకును, 2006 నుండి డ్రైవింగు లైసెన్సు గోరువారికిని ఈ శిక్షణమును నిర్బంధము చేసెను. 2001లో ప్రక్కవారు ఛాతీ నదిమిన సందర్భములు నూటికి 21. 2010 నాటికి 45. ముప్పది దినములు బ్రదికినవారు 3.5 నుండి 10.8కి బెరిగిరి. ఎదురుపక్షపు వకీలు లేచి, ఆ పదేండ్లలో ఆసుపత్రులును బాగుపడలేదా యని యడుగవచ్చును. బాగుపడినవి. ఖ్యాతి యంతయు నొక్కదానికే కట్టిపెట్టరాదు.

మన దేశమున 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైనది. అది యెంత వేగముగ వచ్చినను మొదటి నిమిషములు ప్రక్కవాని చేతిలోనే యుండును. ఆ ప్రక్కవాడు చేయి చాపుటకు జంకుచున్నాడు. పోలీసు ఠాణా, కోర్టు వాయిదాలు వానికి గనబడుచున్నవి. ఈ భయము వట్టిదని మే మనజాలము. వాయిదాలకు దిరిగి విసిగిన సాక్షుల నెందఱినో యెఱుగుదుము. కాని శాసనము మాఱినది. ప్రాణరక్షణము ముందు, లాంఛనములు తరువాత అని 1989లో పరమానంద్ కటారా వ్యాజ్యమున సుప్రీంకోర్టు వైద్యులందఱికిని విధించెను. 2019లో మోటారు వాహనముల చట్టమున 134ఏ సెక్షను చేర్పబడెను. ప్రతిఫలాపేక్ష లేక సద్భావముతో రోడ్డు ప్రమాద బాధితునికి తోడ్పడినవాని చేత పొరపాటు జరిగినను వానిపై సివిలు, క్రిమినలు చర్యలు సాగవు. తన పేరు చెప్పుమని పోలీసువారు వానిని నిర్బంధింపరాదు. ఇది రోడ్డు ప్రమాదములకే పరిమితమగుట లోపము. వీధిలో గుండె యాగినవానికి సాయపడువానికిని ఇంత స్పష్టమైన రక్షణము కావలయునని మేము కోరుచున్నాము.

కొత్త బండ్లు కావలయునను తీర్మానములు మన సభలలో సులువుగ నెగ్గును. శిక్షణమునకై తీర్మానము తెచ్చువారిని మేమింకను జూడలేదు. కావున మాటలు చాలించి పనికి గడంగుదము. వెనుక గదిలో రెండు బొమ్మలు సిద్ధముగ నున్నవి. అరచేతి మడమ ఛాతీ నడుమ నుంచి, రెండవ చేయి దానిపై వైచి, అయిదు సెంటిమీటర్ల లోతునకు, నిమిషమునకు 100 మొదలు 120 సార్లు నదుమవలయును. అధ్యక్షులవారు ఉత్తరీయము తీసి ప్రక్కన బెట్టి, మొదటి వరుసలో నిలుచుట కంగీకరించినారు.