పనికి తక్కువ లేదు, కూలికీ తక్కువ ఉండరాదు
(మే దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమాఖ్యలో అన్ని మతాలవారూ, ఏ మతమూ పాటించనివారూ ఉన్నారు. కనుక మేము మతప్రచారానికి పూనుకోవడం లేదు. అయితే మన సభ్యులలో పలువురు డ్యూటీ లేని ఆదివారం చర్చికి వెళ్ళి, మరునాడు పట్టాల మీదికో, సార్టింగు బల్ల దగ్గరికో వస్తున్నారు. ఆ ప్రార్థనకూ ఈ పనికీ గల సంబంధం ఏమిటన్న ప్రశ్న వారిది మాత్రమే కాదు. శ్రమ విలువను గురించి యోచించే మనందరిదీ.

ప్రాచీన గ్రీకు, రోమను సమాజాలలోని సంపన్నులు చేతిపనిని బానిసల వంతుగా భావించేవారు. క్రైస్తవ గ్రంథం చూపే మనుషులు వేరు. యేసును స్వగ్రామంవారు వడ్రంగిగా ఎరుగుదురు. అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణంలో డేరాలు కుట్టి జీవించాడు. పేతురు యొప్పే పట్టణంలో బసచేసినది సీమోను అనే తోళ్ళు పదునుచేసేవాని ఇంట. మృతకళేబరాలతో పొత్తుగల ఆ వృత్తిని నాటి సమాజం ఏవగించుకునేది. మన పల్లెలలో తోలుపనివారి వాడను ఎక్కడ ఉంచారో ఎరిగిన మనకు ఆ బస అర్థం వివరించనక్కరలేదు.

దైవపిలుపు సన్యాసులకూ మతగురువులకూ మాత్రమే చెందినది కాదని 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ బోధించాడు. పొరుగువానికి ఉపకరించే ఏ పనియైనా దైవసేవయే అన్నది ఆయన భావం. ఆ దృష్టితో చూస్తే, ఎండలో తన బీటు పొడవునా నడిచి వదులైన కీని సుత్తితో బిగించే కీమన్, తాను ఎన్నడూ చూడని వేల ప్రయాణికులకు సేవచేస్తున్నాడు. మారుమూల పల్లెలో వృద్ధురాలి చేతికి పింఛను మనియార్డరు అందించే పోస్ట్‌మన్ చేసేదీ అదే. 1955లో పోపు పన్నెండవ పయస్ మే 1ని కార్మికుడైన యోసేపు పండుగగా ప్రకటించాడు. కార్మికుల దినమే ఒక వడ్రంగి పండుగ అయింది.

మన తెలుగునేల మీదనే ఒక ఉదాహరణ ఉన్నది. 1876–78 నాటి మహాక్షామంలో ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో 3½ మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మాదిగలు మొదలైన నిరుపేదలకు అక్కడ పని, కూలి దొరికాయి. ఆ కరవు కాలంలో ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం నిలిపివేశాడు. అన్నం కొరకు మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. వారు అక్కడ పొందినది భిక్ష కాదు, తమ చెమటకు ప్రతిఫలం.

అయితే ఒక ప్రమాదాన్ని మనం గుర్తించాలి. పనే పూజ అని చెప్పి, పనివాని నోరు మూయించేవారు అన్ని మతాలలోనూ ఉన్నారు. బైబిలు వారికి తోడురాదు. పట్టి ఉంచిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు పత్రిక ధనికులను హెచ్చరించింది. విశ్రాంతిదినపు ఆజ్ఞ యజమానికి మాత్రమే గాక దాసదాసీలకూ, పశువులకూ వర్తిస్తుంది. 1891లో పోపు పదమూడవ లియో తన లేఖలో, కూలి పనివాని జీవనానికి చాలినంత ఉండాలనీ, సంఘం పెట్టుకొనే హక్కు వానికి ఉన్నదనీ స్పష్టం చేశాడు. పని పవిత్రమైతే పనివాని కూలీ, విశ్రాంతీ, సంఘమూ కూడా పవిత్రమే.

ఇక మనల్నే ప్రశ్నించే కథ ఒకటి ఉన్నది. యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో యజమాని తెల్లవారుజామున కొందరిని, సాయంత్రం మరికొందరిని పనిలో పెట్టుకొని అందరికీ ఒకే దినకూలి ఇస్తాడు. ఉదయం వచ్చినవారు సణుగుతారు. సాయంత్రం వచ్చినవారు సోమరులు కారు, వారిని ఎవరూ పనికి పిలవలేదు. వారి ఇంట కూడా ఆ రాత్రి పొయ్యి వెలగాలి.

రెగ్యులర్ ఉద్యోగులమైన మనం ఆ ఉదయపు కూలీల వంటివారం. మన పక్కనే స్టేషన్లనూ బోగీలనూ శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. మన తపాలానే పల్లెకు చేర్చే గ్రామీణ డాక్ సేవకులు నేటికీ శాఖలో రెగ్యులర్ సిబ్బందిగా లెక్కకు రారు. వారి వేతనం పెరిగితే మన గౌరవం తరుగుతుందని సణగడమా, వారి కోర్కెలను మన కోర్కెల పత్రంలో చేర్చడమా? ఏ పనీ నీచం కాదని నమ్మేవారు, ఆ నమ్మకం ప్రార్థనలో నేర్చినా పోరాటంలో నేర్చినా, ఇవ్వవలసిన సమాధానం ఒక్కటే. ప్రతి శాఖ వచ్చే సర్వసభ్య సమావేశంలో వారిని ఆహ్వానించి, వారి మాట వినవలసిందిగా కోరుతున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!