యంత్రసేవకునకు తేటతెల్లమైన మాట
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



అన్యభాషల నడుమ తరతరములుగా కాపురముండియు, బిడ్డలకు తెలుగు నేర్పింపవలెనను పట్టుదల విడువని మీ ముందు నేడు ఒక క్రొత్త పనిని గూర్చి ముచ్చటింపదలచితిమి. పని క్రొత్తదైనను దానికి వలయు నేర్పు ఈ బడిలో నేర్పునదియే. అది సందేహమునకు తావులేకుండ వ్రాయుట.

కృత్రిమ మేధ ఏజెంట్లను గూర్చి మీరును వినియుందురు. "శనివారము తల్లిదండ్రుల సమావేశమున్నది, కాలెండరులో చేర్పుము" అని చెప్పినచో ఏజెంటు ఆ పనిని చేసిపెట్టును. ఇందులకై దానికి కొన్ని ఉపకరణములు ఈయబడును. వీనిని టూల్సు అందురు. ఒక్కొక్క టూలుకు ఒక పేరు, కొద్ది వాక్యముల వర్ణన, పూరింపవలసిన గడుల పట్టిక ఉండును. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను బహిరంగ ప్రమాణమునందును ఏర్పాటు ఇట్టిదే. ఏజెంటు ఆ వర్ణనలను చదివి, ఏ టూలును వాడవలెనో, ఏ గడిలో ఏమి నింపవలెనో నిశ్చయించుకొనును. టూలు లోపల ఏమి జరుగునో సాధారణముగా దానికి కనబడదు. కావున వర్ణన వ్రాసినవారి మాటయే దానికి ఆధారము.

ఒక ఉదాహరణము చూతము. ప్రతి శనివారము పద్యపఠన తరగతి జరుగుచున్నదనుకొందము. ఒక వారము హాలు ఖాళీ లేదు. "ఈ శనివారపు తరగతిని తీసివేయుము" అని ఉపాధ్యాయుడు ఏజెంటుకు చెప్పెను. టూలు వర్ణనలో "కార్యక్రమమును తొలగించును" అని మాత్రమే ఉన్నది. తొలగునది ఆ ఒక్కనాటి తరగతియా, ఏడాది పొడవునగల తరగతులన్నియునా? వర్ణన చెప్పలేదు గనుక ఏజెంటు ఊహించును. ఊహ తప్పినచో తరగతులన్నియు కాలెండరునుండి మాయమగును. అవి రద్దయినవని ప్రతి ఇంటికిని ఈమెయిలు పోవచ్చును.

అదే వర్ణనను ఇట్లు వ్రాసిన నెట్లుండును? "ఒక కార్యక్రమమును ఒక తేదీనాడు మాత్రమే తొలగించును. వారము వారము జరుగు వరుసనంతను తొలగించుటకు దీనిని వాడరాదు. అందులకు వేరొక టూలు కలదు. తొలగించినంతనే ఆహ్వానితులకు ఈమెయిలు పోవును." ఏమి చేయును, ఏమి చేయదు, ఎప్పుడు వాడరాదు, వాడిన ఫలితమేమి అను నాలుగు ప్రశ్నలకును ఇందు జవాబున్నది.

తేదీల విషయమున మరింత జాగ్రత్త వలయును. 04/05 అనినచో మనకు మే 4. అమెరికావారికి ఏప్రిల్ 5. సంవత్సరము, నెల, తేదీ అను వరుసలో 2026-05-04 అని వ్రాయవలెనని వర్ణనలో చెప్పినచో చిక్కు తీరును. ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణము ఈ పద్ధతినే విధించుచున్నది. వేళ ఏ దేశమునకు చెందినదో కూడ చెప్పవలెను. మనకు సాయంకాలము 7 గంటలైనపుడు న్యూయార్కులో చలికాలమున ఉదయము 8-30, వేసవిలో 9-30 అగును. అక్కడ గడియారములను ఏట రెండుమార్లు మార్చుటయే దీనికి కారణము.

ఇక మన ఇండ్లలోని మాట. "గురువారము రాత్రి 2-40 గంటలకు, తెల్లవారితే శుక్రవారము" అని శుభలేఖలలో వేయుట మనకు వాడుక. పంచాంగమున వారము సూర్యోదయముతో మారును. కాలెండరు సాఫ్టువేరులో తేదీ అర్ధరాత్రితో మారును. ఈ భేదము నెరుగని ఏజెంటు ముహూర్తమును గురువారపు గడిలో 2-40 కు నింపినచో, బంధువులు ఒక దినము ముందుగా పెండ్లింటికి చేరుదురు. "తేదీ అర్ధరాత్రి 12 గంటలకు మారును. రాత్రి ముహూర్తమైనచో ఏ తేదీయో అడిగి రూఢిచేసికొనవలెను" అను రెండు వాక్యములు ఈ పొరపాటును చాలవరకు నివారింపగలవు. అయితే ఇక్కడ ఒక సందేహము కలుగునని తోచవలెనన్నచో, శుభలేఖలోని తెలుగు తెలిసియుండవలెను. ఈ బడిలో చదివిన బిడ్డకు ఆ తెలివి సహజముగా అబ్బును.

మంచి వర్ణన ఉన్నంతమాత్రమున సర్వము క్షేమమని మేము చెప్పము. తొలగించుట, పలువురకు ఈమెయిలు పంపుట వంటి పనులకు ముందు మనుష్యుని అనుమతి గైకొనునట్లు సాఫ్టువేరులోనే కట్టుదిట్టము చేయవలెను. వర్ణన వ్రాసిన పిదప పలువిధముల కోరికలనిచ్చి, ఏజెంటు ఏ టూలును ఎంచుకొనుచున్నదో పరీక్షించి, తడబడినచోట మాట మార్చవలెను. వాక్యములు పెరిగినంత మేలని తలపరాదు. పనికిరాని వాక్యము వలయు వాక్యమును మరుగుపరచును.

తల్లిదండ్రులకు మాదొక మనవి. సెలవు దినమున మీ బిడ్డచే ఒక చీటీ వ్రాయింపుడు. తాళపుచెవి ఎక్కడున్నది, ఏ గది తలుపు తీయవలెను, దేనిని తాకరాదు అని మన ఇల్లెరుగని మనుష్యునకు తెలుగులో వ్రాయుమనుడు. ఆ చీటీని ఇరుగుపొరుగువారి చేతికిచ్చి, మారుమాట చెప్పక చూడుడు. వారు ఎక్కడ ఆగిపోయిరో అక్కడ వాక్యమును బిడ్డచేతనే దిద్దింపుడు. రేపు ఏ భాషలో ఏ యంత్రమునకు ఆదేశము వ్రాయవలసి వచ్చినను, ఆ దిద్దుబాటు అలవాటు వారికి అక్కరకు వచ్చును.