అంకె పైన, అంకె క్రింద
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదికమీద మేము క్రమశిక్షణను గూర్చియో, మాతృభాషను గూర్చియో మాటలాడుట పరిపాటి. ఈ యేడు సినిమా వసూళ్లను గూర్చి మాటలాడదలచితిమి. ప్రధానోపాధ్యాయునికి ఇదేమి బుద్ధి యని నవ్వవలదు. కారణము విన్నపిమ్మట తప్పెన్నవచ్చును.

గడచిన శ్రావణమాసములో ఒకనాటి మధ్యాహ్నము తొమ్మిదవ తరగతి గదిలో పెద్ద గలభా వినవచ్చినది. మేము పోయి చూడగా ఇద్దరు బాలురు చొక్కాలు పట్టుకొని యుండిరి. తగవు జేమ్స్ బాండ్ అను ఆంగ్ల గూఢచారి చిత్రములను గూర్చి. 2012లో వచ్చిన ‘స్కైఫాల్’ వసూలు 110 కోట్ల డాలర్లు గనుక ఆ శ్రేణిలో అదియే గొప్పదని ఒకని వాదము. రెండవవాని తాతగారు పడుచుతనమున బొంబాయి మిల్లులో పనిచేయునాడు 1965నాటి ‘థండర్‌బాల్’ చూచి వచ్చిరట. దానికి మించిన జనసందోహమును తాను మరి యెన్నడును చూడలేదని ఆ పెద్దాయన మాట. దాని వసూలు 14 కోట్ల డాలర్లు మాత్రమే. “పద్నాలుగెక్కడ, నూటపది యెక్కడ?” అని మొదటివాడు ఎకసక్కెమాడెను. తాతగారిని అబద్ధీకుని చేసినందుకు రెండవవానికి రోషము వచ్చెను.

మేము ముందు ఇద్దరిని మందలించితిమి. పిదప తోచినది: ఇది తగవు కాదు, లెక్క. ఆనాడు మూడవ పీరియడు వ్యాకరణమును ఆపి, నల్లబల్లపై ఈ లెక్కనే వ్రాయించితిమి. ఆ చిత్రములను పిల్లలు చూడవలెనని మేము చెప్పుట లేదు. వానిలో కొట్లాటలు, మద్యపానము, పసివారికి తగని ముచ్చట్లు పెక్కు కలవు. మాకు కావలసినది వాని వసూళ్ల లెక్క మాత్రమే. ఇకమీద చెప్పు సంఖ్యలన్నియు సుమారైనవని మనవి.

ఇయాన్ ఫ్లెమింగ్ అను ఆంగ్ల రచయిత 1953లో ‘కాసినో రాయల్’ అను నవలయందు ఈ గూఢచారిని సృష్టించెను. 1962లో హ్యారీ సాల్ట్‌జ్‌మన్, ఆల్బర్ట్ బ్రోకోలీ అను ఇద్దరు నిర్మాతలు ‘డాక్టర్ నో’ అను పేర తొలి చిత్రమును తీసిరి. నాయకుడు షాన్ కానరీ. అది మొదలు 2021నాటి ‘నో టైమ్ టు డై’ వరకు ఆ నిర్మాణసంస్థ తీసినవి 25 చిత్రములు. నాయకులు ఆరుగురు మారిరి, పాత్ర మారలేదు. ఆ గాలి మన తెలుగునకును సోకినది. 1966లో కృష్ణగారు నటించిన ‘గూఢచారి 116’ ఆ వరుసలోనిదే.

ఇక లెక్కకు వత్తము. 1965లో ఒక డాలరునకు వచ్చు సరకునకు 2012లో ఏడు డాలర్లకు పైగా పెట్టవలసి వచ్చినది. ఇది అమెరికా ప్రభుత్వపు ధరల సూచికను బట్టి తేలిన మాట. కావున ‘థండర్‌బాల్’ వసూలును 2012నాటి డాలర్లలోనికి మార్చినచో అది 103 కోట్లగును. నూటపదికిని పద్నాలుగునకును నడుమ కనబడిన అగాధము ఒక్క గుణకారముతో పూడిపోయినది. తాతగారి మనుమని ముఖము వికసించినది.

అంతటితో ఆగలేదు. డబ్బు సంగతి యట్లుండగా, చూచినవారు ఎందరు? అమెరికా, కెనడా దేశములలో ‘థండర్‌బాల్’ వసూలు 6 కోట్ల 36 లక్షల డాలర్లు. ఆనాడు సగటున టిక్కెట్టు ఒక డాలరు. అనగా ఆరుకోట్లకు మించిన టిక్కెట్లు తెగినవి. ‘స్కైఫాల్’ అచ్చట 30 కోట్ల 40 లక్షలు రాబట్టినది, కాని టిక్కెట్టు ఎనిమిది డాలర్లు. కావున తెగినవి 3 కోట్ల 80 లక్షల టిక్కెట్లు. ఆ రెండు దేశముల జనాభా 1965లో 21 కోట్లు, 2012లో 35 కోట్లు. మొదటి చిత్రమునకు ప్రతి ముగ్గురు నలుగురికి ఒక టిక్కెట్టు పడినది. రెండవదానికి తొమ్మండుగురికి ఒక్కటి. ఒక్కడే రెండుమూడు మారులు చూచియుండవచ్చును, కాని రెండు కాలములయందును అట్టివారు ఉందురు.

ఇది విని మొదటి బాలుడు చిన్నబుచ్చుకొనెను. వాని పక్షమునను న్యాయము కలదు. ‘స్కైఫాల్’ వసూలులో 80 కోట్లు ఆ రెండు దేశములకు వెలుపల వచ్చినవి. బ్రిటనులో పదికోట్ల పౌండ్లు దాటిన మొట్టమొదటి చిత్రము అదియే. ఇంటింట టెలివిజనును, చేతచేత ఫోనును ఉన్న కాలములో జనమును గడప దాటించి థియేటరునకు రప్పించుట సామాన్యము కాదు. కావున ఇద్దరి మాటయు నిజమే. ఇద్దరును సగము ప్రశ్ననే అడిగిరి. “ఎంత?” అనిరి గాని, “ఎంతలో ఎంత?” అనలేదు.

తరువాత ఖర్చును ప్రక్కన వేసితిమి. ‘డాక్టర్ నో’ తీయుటకైన వ్యయము పదిలక్షల డాలర్లు. మరల మరల విడుదలయైన వసూళ్లతో కలిపి దానికి వచ్చినది ఆరుకోట్లు. పెట్టినదానికి అరువది రెట్లు! 1964నాటి ‘గోల్డ్‌ఫింగర్’కు పెట్టుబడి ముప్పదిలక్షలు, వచ్చినది పన్నెండున్నర కోట్లు, అనగా నలుబది రెట్లు. ‘స్కైఫాల్’ వ్యయమును ఇరువది కోట్లుగా ఎంచినచో ప్రతిఫలము అయిదున్నర రెట్లు. ‘నో టైమ్ టు డై’కి పాతిక కోట్లకు తక్కువ కాలేదు, వచ్చినది 77 కోట్లు, అనగా మూడు రెట్లు. అది కరోనా మహమ్మారి వలన ఏడాదిన్నర వెనుకబడి, జనము థియేటరు వైపు చూచుటకే జంకు కాలమున వచ్చినదని కూడ చెప్పుట న్యాయము.

ఆ వచ్చినదైనను నిర్మాత చేతికి పూర్తిగా చేరునా? ఇది మీకు మాకంటె బాగుగా తెలిసినదే. అంగడిలో షోలాపురపు చద్దరు కొన్నవాడు ఇచ్చిన వెల అంతయు నేసినవాని చేత పడునా? నూలు, రంగు, కరెంటు, దళారి, దుకాణదారు, ఎవరి పాలు వారు తీసికొనగా మిగిలినదే మగ్గమువానిది. సినిమాలోను అంతే. థియేటరు యజమాని పాలును, పంపిణీదారుని పాలును పోగా మొత్తములో సగమునకు అటునిటుగా వెనుకకు వచ్చును. మన సినిమావారు మొత్తమును ‘గ్రాస్’ అనియు, చేతికి వచ్చినదానిని ‘షేర్’ అనియు అందురు. గోడమీది కాగితముపై పెద్దక్షరములతో పడునది మొదటిది. అప్పు తీర్చునది రెండవది.

చివరగా, కాలము. ఈ శ్రేణి అరువది యేండ్లు నిరాటంకముగా నడిచినదని తలచవలదు. 1973లో 16 కోట్లు వచ్చిన చోట 1974లో ‘ది మాన్ విత్ ది గోల్డెన్ గన్’ పదికోట్లు కూడ అందుకొనలేదు. 1975లో భాగస్వాములిద్దరును విడిపోయిరి. నిలిచినవారు తొందరపడక, 1977లో ‘ది స్పై హూ లవ్డ్ మి’ తీసిరి, పద్దెనిమిదిన్నర కోట్లు వచ్చినవి. 1989నాటి ‘లైసెన్స్ టు కిల్’ మరల పడినది. పిదప కోర్టు వ్యవహారములతో ఆరేండ్లు ఒక్క చిత్రమును రాలేదు. ఆ కథ ముగిసినదనియే పెక్కుమంది తలచిరి. 1995లో ‘గోల్డెన్ ఐ’ వచ్చి ముప్పది యైదు కోట్లు తెచ్చినది. మరొక విశేషము కలదు. 1969నాటి చిత్రము తన ముందుదానికంటె తక్కువ వసూలు చేసినదని ఆనాడు చిన్నచూపు చూడబడినది. నేడు విమర్శకులలో అనేకులు దానిని శ్రేణిలోని మేలైనవానిలో ఒకటిగా ఎంచుచున్నారు. మొదటి వారపు లెక్క ఒకటి, యాబదియేండ్ల లెక్క మరియొకటి.

ఈ లెక్క ముగియుసరికి సాయంకాలపు గంట కొట్టిరి. పిల్లలు సంచులు సర్దుకొనుచుండగా తాతగారి మనుమడు లేచి మమ్ము ఒక మాట అడిగెను. “సార్, మన గేటుకాడి బోర్డు మీద నూటికి నూరు అని ఉన్నది గదా, దాని అడుగున ఏమి రాయాలె?”

మాకు వెంటనే జవాబు తోచలేదు. తల్లిదండ్రులారా! ఆ బోర్డు వ్రాయించినది మేమే. పదవ తరగతి పరీక్షలో మన పాఠశాల నూటికి నూరు ఉత్తీర్ణత సాధించినదని ఎఱ్ఱ రంగు అక్షరములతో వ్రాయించి, మురిసి, ఛాయాచిత్రము తీయించి సంఘపు కార్యాలయమునకు పంపితిమి. ఆ అంకె అబద్ధము కాదు. పరీక్ష వ్రాసినవారందరును నెగ్గిరి. కాని వ్రాసినవారు ఎందరు? వారితోపాటు ఒకటవ తరగతిలో పలక పట్టి కూర్చున్నవారు ఎందరు? నడుమ పవర్‌లూమునకు పోయిన బాలురు ఎందరు? తల్లికి చేదోడుగా బీడీలు చుట్టుటకు ఇంట నిలిచిన బాలికలు ఎందరు? వేరు మాధ్యమమునకు మారినవారు ఎందరు? వారెవ్వరును మా నూటిలో లేరు. మేమును ‘గ్రాస్’నే గోడకెక్కించితిమి.

ఆ రాత్రి మేము పాత హాజరు పట్టీలు తీసి చూచితిమి. ఒక్కొక్క పేరు చదువుచుండ ఒక్కొక్క ముఖము కన్నులకు కట్టినది. ఆ పట్టీ చూచిన పిదప బోర్డు ప్రక్కనుండి నడచుట మాకు సులభము కాలేదు.

సంఖ్యతో పని లేదని చెప్పుటకు మేము ఈ మాటలు చెప్పుట లేదు. సంఖ్యతో మనకు మిక్కిలి పని కలదు. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక నియమమును అంగీకరించినది. పాఠశాలలో నలుబదిమందికి గాని, తరగతిలో పదిమందికి గాని తక్కువ కాకుండ ఒక మాతృభాష పిల్లలు ఉన్నచో ప్రాథమిక దశలో వారికి ఆ భాషలో చదువు చెప్పు ఉపాధ్యాయుని నియమించవలెనని ఆ నియమము. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము మాతృభాషయందు ప్రాథమిక విద్యకు తగిన వసతి కల్పించుమని ప్రభుత్వములకు చెప్పుచున్నది. అల్పసంఖ్యాకులమగు మనకు ఒక్కొక్క బిడ్డయు ఒక లెక్కయే. పదవ బిడ్డ బడి మానినచో తొమ్మండుగురి చదువునకు ముప్పు వచ్చును. కనుకనే సంఖ్యను సగము చెప్పి మురియుట మనకు తగదు. పడినప్పుడు పడినట్లు తెలిసికొన్నవాడే లేచుటకు దారి వెదకును. ఆ చిత్ర నిర్మాతలు 1974లో తమ వసూలు తగ్గినదని ఎరుగక, నూరు రోజుల కాగితములు అంటించుకొని కూర్చుండియున్నచో 1977 వచ్చియుండెడిది కాదు.

కావున మేము మీ యెదుట ఒక మాట ఇచ్చుచున్నాము. వచ్చు సంవత్సరము నుండి ఈ సంచికలో ఫలితముల పట్టికకు రెండు వరుసలుండును. నెగ్గినవారి సంఖ్య పైన, వారితో ఒకటవ తరగతిలో చేరినవారి సంఖ్య క్రింద. చూచుటకు అది అందముగా ఉండకపోవచ్చును. గేటువద్ద బోర్డును కూడ అట్లే తిరిగి వ్రాయింతుము.

మీ నుండియు ఒక మాట కోరుచున్నాము. మీ బిడ్డ మార్కుల కాగితము తెచ్చినప్పుడు, “ప్రక్కింటివానికెన్ని?” అని అడుగుటకు ముందు, “పోయినసారి నీకెన్ని?” అని అడుగుడు. నలుబది నుండి యాబది యైదునకు వచ్చినవాడు, తొంబది నుండి ఎనుబది యైదునకు దిగినవానికంటె ఎక్కువ నడచినాడు. బిడ్డను బడి మాన్పించవలసిన కష్టము వచ్చినచో, మాన్పించుటకు ముందు ఒక్కసారి మా గదికి రండు. ఫీజు మాట కాని, పని వేళల మాట కాని, కూర్చుండి ఆలోచింతము. ఏదో యొక దారి దొరకకపోదు. దొరకనినాడు ఆ లెక్కయు దాచక చెప్పెదము.

ఆ ఇద్దరు బాలురును నేడు ఈ సభలోనే, వెనుక వరుసలో ప్రక్కప్రక్కన కూర్చుండియున్నారు. వారు వేసిన లెక్కల పుస్తకము ఆఫీసు బల్లమీద ఉన్నది. తీరికయున్నవారు చూడవచ్చును. రెండు చోట్ల కూడిక తప్పినది. ఎఱ్ఱ సిరాతో దిద్దితిమి.