మందుపాతర: ఆటలోను, నేలలోను

మన యిండ్లలోని పిల్లలు కంప్యూటరుపైనను, సెల్‌ఫోనులోను ఆడుకొను ఆటలలో టాంకుల పోరు ఒకటి. వేర్వేరు దేశములవారు ఇంటర్నెట్టు ద్వారా ఒకే సమయమున కూడి, రెండు పక్షములై తలపడుదురు. అట్టి ఆటలలో ‘టాంకీ ఆన్‌లైన్’ అనునది 2009లో రష్యాలోని పెర్మ్ నగరమున పుట్టినది. టాంకును బాగుచేయునవి, దాని కవచమును, దెబ్బను, వేగమును పెంచునవి అగు సాధనములతో పాటు అందు మందుపాతరయు నొకటి గలదు. ఈనాడు మేము దానినిగూర్చి ముచ్చటింపదలచితిమి.

ఫిరంగిగుండు గురిని వెదకికొని పోవును. పాతర, గురియే తనకడకు వచ్చువరకు కాచుకొని యుండును. ఆటలో అది వేసినవాని టాంకు క్రిందనే పడును. విశాలమైన మైదానమున వేసిన ప్రయోజనము తక్కువ. ఇరుకు వంతెన, ఏటవాలు దారి చివర, గోడమూల మలుపు, ఇవి శత్రువు తప్పక త్రొక్కవలసిన చోట్లు. జెండాను ఎత్తుకొనిపోవు పందెములో, జెండాతో పరుగిడువాని దృష్టి తన్ను తరుముచున్నవారిమీద నుండునే గాని నేలమీద నుండదు. నేర్పరియైన ఆటగాడు ఆ దారిని ముందే కనిపెట్టును.

తప్పించుకొనుటకును ఇదే నేర్పు కావలెను. శత్రువు వేసిన పాతర దూరమునుండి కానరాదు. దాపునకు వచ్చిన పిమ్మటనే కంటబడును. కావున ఇరుకుచోట వేగము తగ్గింపవలెను. అందరును పోవు దగ్గరదారి కంటె చుట్టుదారి ఒక్కొక్కప్పుడు మేలు. “నేనే శత్రువునైనచో ఇచ్చట వేసియుందునా?” అని తన్ను తాను ప్రశ్నించుకొనువాడు చాలసేపు నిలుచును.

ఈ పాఠము ఆటకు పూర్వమే యుద్ధభూమిలో నేర్చినది. 1942లో ఈజిప్టునందలి ఎల్ అలమేన్ వద్ద ఉత్తరమున సముద్రము, దక్షిణమున టాంకులు దిగరాని కత్తారా పల్లము, నడుమ సుమారు 60 కిలోమీటర్ల ఎడారి. చుట్టిపోవుటకు దారిలేదు. జర్మను సేనాని రోమెల్ తన సేనకు ముందు దాదాపు 5 లక్షల పాతరలతో అడ్డుకట్ట ఏర్పరచెను. వానికి ‘సైతాను తోటలు’ అని పేరు. అక్టోబరు 23వ తేదీ రాత్రి బ్రిటిషు ఎనిమిదవ సేన కదలినపుడు, టాంకులకు దారి తీయు పని సాపర్లపై పడెను. కొందరిచేతిలో పోలెండు దేశీయుడగు కొసాత్స్కి రూపొందించిన శోధకయంత్రము, కొందరిచేతిలో బాయొనెట్టు. ఇసుకను మెల్లగా గ్రుచ్చిచూచి, పాతరలను తీసి, శుభ్రమైన దారికి గుర్తుగా తెల్లని టేపు పరచుచు పోయిరి. 4వ భారత డివిజను సైనికులును ఆ పోరులో నుండిరి. అంతటి టాంకుబలమును కొన్ని అడుగుల వెడల్పుగల ఆ దారులనే నమ్ముకొని సాగవలసివచ్చెను.

ఆటకును, దీనికిని ఒక గొప్ప భేదము గలదు. ఆటలోని పాతర స్వపక్షమువారిని ఏమియు చేయదు. పందెము ముగియగానే మాయమగును. నేలలోని పాతరకు పక్షము లేదు, గడువును లేదు. సేనలు వెడలిపోయెను, ఇసుక కదలెను, పాతరలు మాత్రము మిగిలెను. యుద్ధము ముగిసి దశాబ్దములు గడచిన పిమ్మటను, ఆ ఎడారిలో పశువుల కాపరులు, పిల్లలు వానివలన ప్రాణములును, అవయవములును కోల్పోయిరి. 1997లో ఒట్టావాలో చేవ్రాళ్ళు జరిగిన ఒడంబడిక మనుష్యులపై ప్రయోగించు పాతరలను నిషేధించినది. టాంకులకై ఉద్దేశించినవి దాని పరిధిలోనికి రావు. ఈజిప్టుగాని, మన దేశముగాని ఆ ఒడంబడికలో చేరలేదు.

ఆడు పిల్లవానిని మందలింపుడని మేము చెప్పుట లేదు. ఇరుకుదారిలో ఒక్క క్షణమాగి ఎదుటివాని యెత్తును ఊహించుట మంచి విద్యయే. పందెము ముగిసిన పిమ్మట మాత్రము, “నాయనా, నీవు పెట్టిన పాతరలు ఇప్పుడేమైనవి?” అని అడుగుడు. “పోయినవి” అని వాడు నవ్వును. పోనివాని కథ అప్పుడు చెప్పుడు.