‘రిపోర్టులన్నీ నార్మల్’ అన్నది రోగనిర్ధారణ కాదు

(సరూర్‌నగర్‌లో స్త్రీల ఆరోగ్య హక్కులపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక ఆడపిల్ల కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతే చుట్టుపక్కల ఏమంటారో మనందరికీ తెలుసు. గాలి సోకిందంటారు. చదవలేక వేషాలేస్తోందంటారు. పెళ్లి చేస్తే అదే పోతుందంటారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగులకు వెళ్లే పిల్లలకైనా, ఎల్బీనగర్ అద్దె ఇళ్లలో కాపురం చేసే స్త్రీలకైనా ఇవే మాటలు. ఆసుపత్రికి వెళితే స్కానింగు, ఈఈజీ తీసి ‘రిపోర్టులన్నీ నార్మల్, నీకేమీ లేదు’ అని పంపేస్తారు. ఆ ‘ఏమీ లేదు’ను ఇవాళ ప్రశ్నిద్దాం.

వైద్యశాస్త్రం దీన్ని చాలాకాలం హిస్టీరియా అంది. గ్రీకులో గర్భసంచికి ఉన్న పేరు నుంచి పుట్టిన మాట అది. ఇప్పుడు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటున్నారు. మెదడు నిర్మాణంలో దెబ్బ కనిపించదు, పనితీరు తప్పుతుంది. మూర్ఛలు రావటం, కాలు చచ్చుబడటం నిజంగానే జరుగుతాయి. అది నటన కాదు.

పేరు మారింది సరే, చూపు మారిందా? 1965లో బ్రిటిష్ మానసిక వైద్యుడు ఇలియట్ స్లేటర్, హిస్టీరియా ముద్ర పడిన 85 మంది కొన్నేళ్ల తర్వాత ఎలా ఉన్నారో పరిశీలించాడు. చాలామందికి అసలు జబ్బు వేరే ఉందని తేలింది. ఈ ముద్ర వైద్యుల అజ్ఞానానికి ముసుగని ఆయన విమర్శించాడు. 1970ల నుంచి ఇలాంటి పొరపాట్లు నూటికి నాలుగుకు తగ్గాయని 2005లో మరో సమీక్ష చెప్పింది. అయితే ఆ లెక్కలు ఎక్కువగా నిపుణులున్న పెద్ద కేంద్రాలవి.

2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ రెండు మార్పులు చేసింది. మనసుకు తగిలిన దెబ్బ ఏదో ఒకటి చూపించాల్సిన పని లేదు. రిపోర్టు నార్మల్‌గా ఉంటే సరిపోదు, జబ్బు ఉన్నట్టు గుర్తు కనిపించాలి. ఉదాహరణకు హూవర్ పరీక్ష. ‘చచ్చుబడిన’ కాలి మడమను మంచానికి నొక్కమంటే రోగి నొక్కలేదు. రెండో కాలు ఎత్తమంటే మాత్రం ఈ మడమ తనంతట తనే నొక్కుకుంటుంది. అంటే నరాల దారి తెగలేదని అర్థం. దీన్ని రోగికే చూపించి వివరించవచ్చు. దొంగను పట్టుకున్నట్టు వాడకూడదు.

ఇక చికిత్స. బ్రిటన్‌లో ఇలాంటి మూర్ఛలున్న 368 మందిపై, వారిలో ఎక్కువమంది స్త్రీలే, జరిగిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. సగం మందికి మామూలు వైద్యంతో పాటు మాటల ద్వారా చేసే మానసిక చికిత్స ఇచ్చారు. ఏడాదికి మూర్ఛలు తగ్గుతాయా అన్నది ముందే పెట్టుకున్న ప్రధాన కొలబద్ద. అందులో రెండు గుంపుల మధ్యా నమ్మదగిన తేడా రాలేదు. రోగులు స్వయంగా చెప్పిన కొన్ని విషయాల్లో మాత్రం మెరుగుదల కనిపించింది. జీవితం బాగుపడటమే ముఖ్యం కదా అన్నారు కొందరు. ఏ చికిత్స అందుతోందో రోగికి తెలిసినప్పుడు, శ్రద్ధగా చూసినవాళ్ల మీద గౌరవంతో కూడా ‘బాగుంది’ అంటారు కదా అన్నారు మరికొందరు. నా దృష్టిలో రెండూ వినదగ్గవే. కానీ ఫలితం వచ్చాక కొలబద్ద మార్చకూడదు.

ఇది ఎక్కడో సీమ గొడవ అనుకోకండి. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసి అధ్యయనం చేశారు. చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లే అంగీకార పత్రాలపై సంతకాలు పెట్టారు. దుష్ఫలితాల నమోదు సరిగా లేదని 2013లో పార్లమెంటరీ కమిటీ తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. పిల్ల చెప్పిన బాధను కాగితం మీదికి ఎక్కించని అధ్యయనం ఏ సంగతినీ తేల్చలేదు.

ముద్ర ఊరికే పోదు. 1999 దాకా హిందూ వివాహ చట్టం ప్రకారం మూర్ఛ వ్యాధి వివాహం రద్దుకు ఆధారమయ్యేది. చట్టంలోంచి తీసేశారు. అత్తింట్లోంచి ఇంకా పోలేదు.

అందుకే అడుగుదాం. ఏ గుర్తు చూసి ఈ పేరు పెట్టారు? కొత్త లక్షణం వస్తే మళ్లీ పరీక్షిస్తారా? ఈ చికిత్స దేన్ని తగ్గిస్తుందని రుజువైంది? 2017 మానసిక ఆరోగ్య చట్టం జబ్బు గురించి, చికిత్స గురించి తెలుసుకునే హక్కును, వైద్య రికార్డులు పొందే హక్కును ఇచ్చింది. పక్కింటి పిల్లతో ఆసుపత్రికి తోడు వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలూ మన వెంట రావాలి.