పొగ ఉంటే నిప్పు, నిప్పు ఉంటే పొగేనా?

"ఊళ్లో పూజ చేయించాం, వారం తిరక్కుండా వాన పడింది. పూజ వల్లే కదా!" చిక్కబళ్లాపురం జిల్లా బాగేపల్లి, చింతామణి వైపు వానకోసం ఎదురుచూసేవాళ్లకు ఈ వాదన కొత్తేం కాదు.

దీన్ని తూచే త్రాసు మన దగ్గరే ఉంది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో అనుమానానికి, అంటే కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడానికి, ఐదు మెట్లు చెప్పాడు: కొండమీద నిప్పుంది; ఎందుకంటే పొగ ఉంది; పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగా; ఇక్కడా అలాంటి పొగే; కాబట్టి నిప్పుంది. ప్రాణమంతా మూడో మెట్టులోనే. దాన్ని తిరగేస్తే చెల్లదు: ఎర్రగా కాలిన ఇనుములో నిప్పుంది, పొగేదీ? అలాగే వాన పడితే పొలం తడుస్తుంది. పొలం తడిసిందని వాన పడిందనలేం. డ్రిప్ పైపు పగిలి ఉండొచ్చు! పూజ వాదనకూ ఆ మూడో మెట్టే కావాలి: పూజ చేసినప్పుడల్లా వాన పడుతుందా?

ఇలాంటి నమ్మకాలను పరీక్షకు పెట్టినవారూ ఉన్నారు. ఇదే జిల్లా గౌరిబిదనూరు తాలూకాలో పుట్టిన భౌతికశాస్త్ర ఆచార్యులు హెచ్. నరసింహయ్యగారు బెంగళూరు విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా ఉంటూ, 1976లో మహిమలను, మూఢనమ్మకాలను పరీక్షించడానికి కమిటీనే వేశారు. ఆ రోజుల్లో అది చిన్న ధైర్యం కాదు.

మీరూ ఒక పని చేయండి. పూజ చేసినా వాన పడని ఏళ్లు, చేయకున్నా పడిన ఏళ్లు కూడా ఒక కాగితం మీద రాసి, అప్పుడు మాట్లాడండి.