గురి కుదిరినను బంతి తప్పుట

పూల్ బల్లపై నల్లబంతి యొక్కటే మిగిలియుండెను. అది పడినచో ఆట మాది. మూల పాకెట్టు మూడడుగుల దూరమున నున్నది. తొందర కూడదని మెల్లగా, మిక్కిలి శ్రద్ధతో కొట్టితిమి. బంతి పాకెట్టు అంచును తాకి పక్కకు దొర్లిపోయెను. గురిలో దోషము లేదు. ఆ మెల్లదనమే మమ్ము ఓడించినదని తెలియుటకు చాలకాలము పట్టినది.

ఈ ఆట నేర్పువారు మొదట చెప్పు సూత్రము సులభము. పాకెట్టు నుండి బంతి కేంద్రము గుండ ఒక గీతను ఊహింపవలెను. అది వెనుక అంచును తాకుచోట తెల్లబంతి తగులవలెను. బంతుల నడుమ ఒరపిడి లేనిచో ఇది అక్షరాల నిజము. కాని ఏటవాలుగా తగిలిన తెల్లబంతి రెండవ బంతి చెంపను రాచి, తాను పోవు దిక్కునకే దానిని కొంచెము లాగును. ఆటగాండ్రు దీనిని ‘త్రో’ అందురు. సుమారు 30 డిగ్రీల కట్ షాటులో, తెల్లబంతి దొర్లక జారుచు వచ్చి మెల్లగా తగిలినపుడు, ఇది ఎక్కువ. 3 డిగ్రీలే యనుకొన్నను, మూడడుగులు పోవుసరికి దాదాపు 2 అంగుళముల తేడా! బంతి వ్యాసమే 2¼ అంగుళములు.

దెబ్బ గట్టిదైన కొలది ఈ లాగుడు తగ్గును. మాసిన బంతులకు, సుద్ద అంటిన బంతులకు పెరుగును. ఆటకు ముందు మేము బంతులు తుడుచుట చూచి మిత్రులు నవ్వుదురు; నవ్వనిండు.

కావున మెల్లని దెబ్బకు గురిని మరికొంత అంచుకు జరుపవలెను. వేరొక ఉపాయమును కలదు. బంతి ఎడమకు పోవలెనన్న తెల్లబంతిని కుడిపక్కన కొట్టి త్రిప్పినచో, రెండు బంతులు పండ్లచక్రముల వలె రాపిడి లేక కలిసి తిరుగును. అయితే పక్కన కొట్టిన తెల్లబంతి తిన్నగా పోదు. క్రొత్తవారికి దీనిని మేము చెప్పము.

ఇది పిల్లలాట లెక్క కాదు. తుపాను గాలులను సుడితిప్పు బలమునకు ఎవరి పేరు పెట్టిరో, ఆ ఫ్రెంచి పండితుడు కొరియోలిస్ 1835లో బిలియర్డ్ బంతుల గతులపై ఒక గ్రంథమునే ప్రకటించెను.

పిదప ఒకనాడు నల్లబంతిని ఆ చోటనే యుంచి, గురిని వెండ్రుకవాసి జరిపి, మరల మెల్లగనే కొట్టితిమి. పడినది. చూచుటకు గదిలో ఎవరును లేరు.